జాజికి ఉన్న ఒకే ఒక్క లోపం

సైంధవపురి గుర్రాల సంతకు అది ఆఖరి రోజు.

తూర్పున ఎర్రమట్టి దిబ్బలు, పడమట ధూమదుర్గం మీద ఎండకైనా వానకైనా చెదరని నల్లటి పొగ. ఆ రెండింటికీ నడుమ ఆమడ పొడవున పచ్చిక బయలు. బయలు నిండా గుర్రాలే. పాలనురుగు రంగువి, నేరేడుపండు రంగువి, మోదుగపూల ఎరుపువి, ఒళ్ళంతా చుక్కలు చల్లినట్టున్నవి. వెండి మువ్వల కళ్ళేలు గలగలమంటున్నాయి. పట్టుకుచ్చుల జీనులు ఎండకు మెరుస్తున్నాయి. ఉడికిన ఉలవల ఆవిరి, తోలు వాసన, లద్దె వాసన కలగలిసి ముక్కులు అదరగొడుతున్నాయి. బయలు మధ్య తాటిచెట్టంత స్తంభం మీద పసుపుపచ్చ జెండా ఎగురుతోంది. మూడో జాము ముగిసి ఆ జెండా దిగిందంటే సంత అయిపోయినట్టే. మళ్ళీ నెల తిరిగేదాకా అక్కడ అమ్మేవాడూ ఉండడు, కొనేవాడూ ఉండడు.

అంత సంతలోనూ అడిగిన ప్రతివాడూ పెదవి విరిచి పోయిన గుర్రం ఒక్కటే. అది సంత మొత్తానికి అందమైన గుర్రం కావడమే అందుకు కారణం.

దాని పేరు జాజి. ఆడగుర్రం. జాజిపూవు తెలుపు, నుదుట తమలపాకంత నల్లమచ్చ, మోకాళ్ళ దాకా జారే జూలు. దాని పగ్గం పట్టుకుని, మాసిన తలపాగా చుట్టుకుని, చెవులకు ఇత్తడి పోగులు వేలాడేసుకుని, గంగన్న అనే పేరు పెట్టుకుని నిలబడ్డవాడు హరితవాటి యువరాజు జయధవళుడు. ఏడుగురు గజదొంగలను ఒంటిచేత్తో కట్టేసిన మనిషి. అగ్నిలోయను పరుగున దాటిన మనిషి. ఆ పూట మాత్రం అతని తల ప్రాణం తోకకొచ్చింది.

అయిదు నెలల కిందట ఘూకాక్షుడనే మాంత్రికుడు అతని చెల్లెలు మందారమాలను ఎత్తుకుపోయి ధూమదుర్గంలో దాచాడు. ఆ కోట మాయ ఎలాంటిదంటే, లోపల అడుగుపెట్టిన మనిషికి దారి ఉన్నచోట గోడ కనిపిస్తుంది. వెతకబోయిన సైనికులు ఒకే వాకిట్లో తిరిగి తిరిగి మతులు పోయి బయటపడ్డారు. చివరికి అడవిలో ఒక ముసలి తాపసి దయతలచి చెప్పింది. "మనిషి కన్ను మోసపోతుంది నాయనా, పశువు ముక్కు మోసపోదు. నీ చెల్లెలి చేతి మేత తిని పెరిగిన గుర్రాన్ని లోపలికి తీసుకుపో. అదే చూపిస్తుంది దారి."

కోటలోకి పోయే ఉపాయం కూడా ఆ తల్లే చెప్పింది. ధూమదుర్గపు సాహిణి, అంటే అశ్వశాలల అధికారి, బాచన ప్రతి సంతకూ వస్తాడు. అతను కొన్న గుర్రానికి కోట తలుపు తెరుచుకుంటుంది. సైంధవపురి ఆచారం ప్రకారం అమ్మినవాడు గుర్రం వెంట పోయి కొత్త కొట్టంలో మూడు మేతలు తన చేత్తో పెట్టి రావాలి. కాబట్టి జయధవళుడికి కావలసింది ఒక్కటే. బాచన జాజిని కొనాలి, ఈ రోజే కొనాలి. మరో నెల ఆగితే మందారమాల ఏమవుతుందో తలచుకోవడానికే అతనికి ధైర్యం లేదు.

చిక్కల్లా ఒప్పుకోలు రాయితోనే వచ్చింది.

జెండా స్తంభం పక్కన నడుములోతు నల్లరాయి ఒకటి ఉంది. ఎవరైనా కొంటామని పిలిస్తే, అమ్మేవాడు ఆ రాయి ఎక్కి తన గుర్రానికున్న లోపం ఒకటి పదిమందీ వినేలా చెప్పాలి. చెప్పేదాకా ఆ గుర్రాన్ని ఎవరూ ఎక్కి చూడకూడదు. చెప్పాక ఎవరైనా సరే బేరంలోకి దిగవచ్చు. బాచన ఎవరినీ పిలవడు. రాయి దగ్గర గొడుగు కింద కూర్చుని, ఒక కన్ను సగం మూసి, వచ్చిన ప్రతి లోపమూ విని, తల అడ్డంగా ఊపుతాడు. నాలుగు సంతల నుంచి ఇదే తంతు. అతనికి ఎలాంటి గుర్రం కావాలో ఎవరికీ తెలియదు, అతను చెప్పడు.

హరితవాటిలోనేమో గుర్రం వినేలా దాని లోపం చెప్పడం తల్లిని తిట్టినంత పాపం.

పొద్దున్నే వచ్చిన మొదటి ఆసామి పెద్దిరాజు అనే మోతుబరి. వెంట బావమరిది. సన్నగా, పొడుగ్గా, లోకంలో అందరూ తననే మోసం చేయడానికి పుట్టారన్నట్టు చూసే మనిషి.

"ఎంత చెబుతున్నావయ్యా?" అన్నాడు పెద్దిరాజు.

"ఒక్క వరహా," అన్నాడు జయధవళుడు. తక్కువ చెబితే త్వరగా పోతుందని అతని అమాయకత్వం.

"పద బావా," అన్నాడు బావమరిది వెంటనే. "మనింటి గాడిదే మూడు వరహాలు పలికింది."

అయినా పోలేదు. పోతే బాగుండేది. జాజి పళ్ళు లెక్కపెట్టాడు. గిట్టలు ఎత్తి వాసన చూశాడు. తోక లాగాడు. తెల్లరంగు సున్నమేమోనని తడిగుడ్డతో వీపు రుద్ది, గుడ్డ ఎండకు పట్టి చూసి, "సున్నం కాదు బావా. అదే అనుమానంగా ఉంది," అన్నాడు. పుణ్యానికి పుట్టెడు ఇస్తే పిచ్చకుంచమని పోట్లాడేవాళ్ళ గురించి వినడమే తప్ప జయధవళుడు చూడటం అదే మొదలు.

"అయ్యా, పసిపిల్లాడైనా ఎక్కొచ్చండి! ముసలమ్మ ఎక్కి ముల్లోకాలూ తిరిగిరావొచ్చు!" అని అరిచాడు దళారి ఓబన్న. అతన్ని జయధవళుడు ముందురోజు కుదుర్చుకున్నాడు. నోరు తప్ప మరో ఆస్తి లేనివాడు. ఆ కేక గొడుగు కింద బాచన చెవినపడింది. బాచన ఆవులించి అటు తిరిగాడు.

పెద్దిరాజు పిలిచాడు. జయధవళుడు రాయి ఎక్కాడు.

"నా గుర్రానికి ఏ లోపమూ లేదు," అన్నాడు, రాజసభలో అన్నట్టు.

సంతలో నవ్వులు లేచాయి. రాయి పక్కన ఇనుప గంట పట్టుకున్న సంతపెద్ద ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "లోపం లేనిది దేవుడి గుర్రం. దేవుడికి సంతలో పనేంటయ్యా? ఏదో ఒకటి చెప్పు, నాకు అవతల బేరాలున్నాయి."

ఓబన్న రాయి కిందనుంచి గుసగుసలాడాడు. "చిన్నదేదో చెప్పెయ్ గంగన్నా. ఎడం చెవి వినపడదను. చెవితో ఎవడికి పని?"

చెల్లెలి కోసం అబద్ధమాడటం పాపం కాదనుకున్నాడు యువరాజు. చెప్పాడు.

పెద్దిరాజు బావమరిది ఊరుకునే రకమా! చప్పుడు కాకుండా జాజి ఎడమవైపు వెనక్కి పోయి, మొలలోంచి బెల్లం పొట్లం తీసి, ఆకు మెల్లగా విప్పాడు. ఆ ఆకు చప్పుడు పక్కనున్న మనిషికే వినపడలేదు. జాజి మాత్రం గిర్రున తల తిప్పి బెల్లం తినేసింది. దాంతోపాటు ఆకు తిన్నది. ఆపైన అతని ఉత్తరీయం కొస కూడా తిన్నది.

సంతపెద్ద గంట ఒక్కసారి కొట్టాడు. "ఒక అబద్ధం!"

"ఇదేంటి, లెక్క పెడతారా?" అన్నాడు జయధవళుడు.

"నీకు చెప్పలేదూ?" అన్నాడు ఓబన్న, అప్పుడే గుర్తొచ్చినట్టు. "మూడో అబద్ధానికి గుర్రం సంత పాలు, మీసం మంగలి పాలు."

జయధవళుడికి కత్తి దూయాలనిపించింది. ఆ వేషంలో కత్తి లేదు.

మధ్యాహ్నానికి వచ్చిన ఆసామి అక్కమాంబ. నూట ఇరవై ఒంటెల బిడారును ఎడారి దారిన నడిపే మనిషి. నలభయ్యేళ్ళుంటాయి. నోట్లో వక్క, చేతిలో కొరడా, కళ్ళల్లో నవ్వు. ఆమె జాజి చుట్టూ ఒక్కసారి తిరిగి, "బంగారంలా ఉంది పిల్ల. ఇంత మంచి గుర్రాన్ని వరహాకి అమ్ముతున్నావంటే నువ్వు దొంగవైనా అయ్యుండాలి, పిచ్చోడివైనా అయ్యుండాలి. ఏదో తేల్చు నాయనా," అంది.

"రెండూ కాదమ్మా."

"అయితే ఇంకా అనుమానం."

ఆమె పిలవగానే జయధవళుడు మళ్ళీ రాయెక్కాడు. ఈసారి తన తెలివినే నమ్ముకున్నాడు. ఎడారిలో తిరిగే ఆమెకు అడ్డురాని లోపం చెబితే సరి అనుకుని, "దీనికి నీళ్ళంటే భయం," అన్నాడు గట్టిగా.

జాజి అప్పటికే పక్కనున్న తొట్టి చూసింది. పగ్గం లాక్కుని పోయి, కళ్ళ దాకా తల ముంచి, బుడబుడమని బుడగలు వదిలి, అదీ చాలక ముందుకాళ్ళు రెండూ తొట్టిలో పెట్టి నిలబడింది.

గంట రెండోసారి మోగింది. సంతంతా పగలబడి నవ్వింది. గొడుగు కింద బాచన ఒక్కడే నవ్వలేదు. అతను మజ్జిగ తాగుతున్నాడు.

"నువ్వు నా చెల్లెలి గుర్రానివా, ఆ మాంత్రికుడి గూఢచారివా?" అని జయధవళుడు జాజి చెవిలో పళ్ళు నూరాడు. జాజి తడి మూతిని అతని భుజానికి తుడుచుకుంది.

ఇక ఎవరూ దగ్గరికి రాలేదు. దొంగగుర్రమన్నారు కొందరు. దయ్యం గుర్రమన్నారు ఇంకొందరు. గంగన్న మొహంలో రాజకళ ఉందని, రాజకళ ఉన్న గుర్రాలవాడిని నమ్మకూడదని ఎవరో అన్నారు. ఓబన్న తన దళారీ తనకిమ్మని అడిగి, లేదనిపించుకుని, చీవాట్లు పెట్టి మరీ పోయాడు. పొద్దు వాలింది. బాచన మనుషులు గొడుగు మడుస్తున్నారు. జెండా తాడు విప్పడానికి ఒకడు స్తంభం దగ్గరికి నడుస్తున్నాడు.

అప్పుడు అక్కమాంబ మళ్ళీ వచ్చింది.

"పిలుస్తున్నాను, రాయెక్కు," అంది. "కొంటానని కాదు. పొద్దుటినుంచీ చూస్తున్నా, నీ కడుపులో ఏదో ఉడికిపోతోంది. నిజం చెప్పేసెయ్. గుర్రం అమ్ముడుపోయినా పోకపోయినా నీ ప్రాణమైనా తేలికపడుతుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అబద్ధమాడితే జాజి పోతుంది, మీసంతోపాటు వేషమూ పోతుంది. నిజం చెబితే కొనే వెర్రివాడు భూమ్మీద ఉండడు. జయధవళుడు రాయి ఎక్కాడు. ఎక్కి, ఒక్క క్షణం ఆగి, తలపాగా విప్పి, వంగి జాజి రెండు చెవులకూ గట్టిగా చుట్టాడు. ఇదేం చోద్యమని జనం దగ్గరికి జరిగారు. బాచన సగం మూసిన కన్ను పూర్తిగా తెరుచుకుంది.

"చెబుతున్నాను, వినండి!" అని అరిచాడు జయధవళుడు. పొద్దుటి విసుగంతా గొంతులోకి వచ్చింది. "ఇది ఎవరి మాటా వినదు! ఎవరినీ ఎక్కనివ్వదు! పుట్టి ఆరేళ్ళయింది, ఒక్క మగవాడు దీని వీపు మీద రెప్పపాటు నిలిచిన పాపాన పోలేదు. మా నాయనను పడేసింది. మా గురువును పడేసింది. నన్ను ఏడుసార్లు పడేసింది, ఏడోసారి చీమలపుట్టలో! నాకంటే గొప్ప రౌతు మా సీమలో లేడని పేరు. అలాంటివాణ్ణి నెల రోజులుగా దీన్ని పగ్గం పట్టుకుని నడిపించుకొస్తున్నాను. అది గుర్రం, నేను కాలినడక! వానొస్తే గొడుగు దానికి! దోవలో జనం నవ్వారు, చిన్నపిల్లలు రాళ్ళేశారు. ఉలవలు వేడిగా ఉంటే తినదు, చల్లారితే అసలే తినదు. గుర్రం గుడ్డిదైనా దానాలో తక్కువ లేదంటారే, ఇది గుడ్డిది కూడా కాదు, అన్నీ చూస్తూనే చేస్తుంది! దీనికి లోకంలో ఒక్క మనిషే మనిషి. ఆ మనిషి ఇక్కడ లేదు. ఇదీ దీని లోపం. కొంటే కొనండి, లేకపోతే పొండి!"

 ఆ మనిషి ఇక్కడ లేదన్నప్పుడు అతను ధూమదుర్గం వైపు చూశాడని అక్కమాంబ ఒక్కతే కనిపెట్టింది.

"ఎక్కి చూడండి," అన్న మాట గొడుగు వైపునుంచి వచ్చింది. బాచన లేచి నిలబడ్డాడు.

బాచన మనుషుల్లో ఎద్దులాంటివాడు ఒకడు ఎగిరి జాజి మీదికి దూకాడు. దూకినంత వేగంగానూ అవతలివైపు దిగాడు, తలకిందులుగా. రెండోవాడికి ఆ మాత్రం మర్యాద కూడా దక్కలేదు, తొట్టిలో పడ్డాడు. "ఇప్పుడు నువ్వు," అన్నాడు బాచన. జయధవళుడు దేవుళ్ళకు దండం పెట్టుకుని ఎక్కాడు. జాజి చెవుల మీది తలపాగా రాలిపోయేలా నడుం ఒక్క విదిలింపు విదిలించింది. యువరాజు లద్దెకుప్పలో పడ్డాడు. అది ఎనిమిదోసారి.

గంట మోగలేదు. "నిజం!" అన్నాడు సంతపెద్ద, రోజంతటిలో మొదటిసారి నవ్వుతూ.

బాచన పరుగున వచ్చి, వేళ్ళు నొక్కి ధర తేల్చుకునే బేరం గుడ్డ కప్పి, దాని కింద జయధవళుడి చెయ్యి అందుకున్నాడు. యువరాజు ఒక వేలు నొక్కాడు. బాచన మొత్తం పిడికిలి నొక్కి, ఇంకా ఎక్కువిస్తానన్నట్టు ఊపేశాడు. ఒంటినిండా లద్దెతో, తలపాగా లేకుండా నిలబడ్డ జయధవళుడికి నమ్మకం కుదరలేదు. అమ్మేవాడే కొనేవాణ్ణి అనుమానించాల్సి రావడం ఏం సంతో!

జెండా దిగేసరికి వాళ్ళు కోట దారిలో ఉన్నారు.

ధూమదుర్గం దగ్గరపడేకొద్దీ పొగ చిక్కనైంది. నల్లరాతి బురుజుల మీద గుడ్లగూబలు పొద్దు గుంకకముందే కళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. ఏడుగురు మనుషుల ఎత్తున్న ఇనుప తలుపు గొళ్ళెం తీయకుండానే తెరుచుకుంది. లోపల విశాలమైన వాకిలి. మూడు దిక్కులా ఎక్కడా సందులేని రాతిగోడ. కోట మనుషులందరి చెవిలోనూ ఒక్కో గుడ్లగూబ ఈక ఉంది. ఆ ఈక ఉన్నవాడికి దారులు కనిపిస్తాయి కాబోలు, వాళ్ళు సూటిగా పోయి గోడల్లో మాయమవుతున్నారు. ఎక్కడో లోపల సన్నాయి మోగుతోంది.

"ఎవరిదీ పెళ్ళి?" అన్నాడు జయధవళుడు.

బాచన మొహం అంతా నవ్వే. అయిదు నెలలుగా మూసుకున్న నోరు తెరుచుకుంది. "మా ఏలికది. ఇప్పుడే, ఈ గోధూళి వేళకే. గుర్రం దొరికిందని ముందే కబురంపా. నీ చలవే గంగన్నా! ఆ హరితవాటి రాచపిల్ల ఏం పట్టు పట్టిందో తెలుసా? మగవాడెవడూ వీపు మీద నిలవని గుర్రం తెచ్చిస్తేనే పెళ్ళిపీటలెక్కుతానంది. మా ఏలిక సరేనన్నాడు. మాట తప్పాడంటే ఆయన మంత్రాలన్నీ పోతాయి. ఆ పిల్లకి అది తెలుసు. అలాంటి గుర్రం దొరకదనే కదా దాని ధీమా! ఇలాంటిది కావాలని నేను నోరు జారితే సంతలో ప్రతివాడూ ఇదే లోపం చెప్పేవాడు. అందుకే నాలుగు సంతలు నోరు కుట్టుకుని కూర్చున్నా. నీ దళారి పసిపిల్లాడైనా ఎక్కొచ్చని అరుస్తుంటే, ఇక ఇంతే అనుకున్నా!"



లోకంలో అలాంటి గుర్రం ఒక్కటే ఉందని మందారమాలకు తెలుసు. అది నెల రోజుల దారిలో, హరితవాటి కొట్టంలో, అన్న కాపలాలో భద్రంగా ఉందని తెలుసు. ఆ ధైర్యంతో అయిదు నెలలు మాంత్రికుణ్ణి ఆపింది. ఆ గుర్రాన్ని గొడుగు పట్టి మరీ నడిపించి, రాయెక్కి అరిచి మరీ తెచ్చి అప్పగించాడు తను. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు. ఎనిమిదిసార్లు పడ్డప్పుడు కూడా అతనికి ఇంత దెబ్బ తగల్లేదు.

"నువ్వూ హరితవాటివాడివే కదూ?" అన్నాడు బాచన ఆప్యాయంగా. "గుర్రం చెవులు మూసినప్పుడే అనుకున్నా. ఊరివాణ్ణి చూస్తే పెళ్ళికూతురు సంతోషిస్తుందిలే." పొద్దుటినుంచీ అనుమానించని మనిషి లేడు. అనుమానించాల్సిన మనిషికి మాత్రం అనుమానమే రాలేదు.

పగ్గం కోసం బాచన చెయ్యి చాపాడు. అప్పుడు తట్టింది జయధవళుడికి. మగవాడెవడూ నిలవని గుర్రం కావాలి కదా. ఒక్కడు నిలిస్తే? పదిమంది కోటమనుషుల కళ్ళెదుట, ఒక్కడంటే ఒక్కడు నిలిస్తే? ఇక ఇది చెల్లెలు అడిగిన గుర్రం కాదు.

అదే క్షణంలో జాజి తల ఎత్తింది. చెవులు నిక్కాయి. ముక్కుపుటాలు ఉబ్బాయి. పొగలోంచి, పూల వాసనలోంచి, వేయి వాసనల్లోంచి తనకు కావలసిన ఒక్క వాసన దానికి దొరికింది. నెల రోజులుగా ఎవరినీ లక్ష్యపెట్టని గుర్రం ఒళ్ళంతా వణుకుతూ సకిలించింది.

జయధవళుడు పగ్గం వదిలేసి, జూలు పట్టుకుని, తొమ్మిదోసారి ఎగిరి దాని మీద పడ్డాడు.

జాజి నడుం విదిలించబోయింది. కానీ దానికి తీరిక లేదు. ఉన్నపళంగా ముందుకు దూకింది. యువరాజు పక్కకు జారి, పొట్ట మీద పాకి, పళ్ళతో జూలు కరిచి, ఎలాగో నిలిచాడు. "చూడండి! అందరూ చూడండి! మగవాణ్ణి! నిలిచాను!" అని కోట దద్దరిల్లేలా అరిచాడు.

"నిలిచాడు! అయ్యో, నిలిచాడు!" అని బాచన నెత్తి బాదుకున్నాడు. బురుజుల మీది గుడ్లగూబలన్నీ ఒక్కసారి కీచుమంటూ లేచాయి. లోపల సన్నాయి ఠక్కున ఆగిపోయింది.

జాజి ఎవరినీ చూడలేదు. ఎదురుగా ఉన్న నల్లరాతి గోడ మీదికి సూటిగా, బాణంలా పోతోంది. అందులో తలుపు లేదు, కిటికీ లేదు, పిల్లి దూరే సందు లేదు.

"గోడ! జాజీ, గోడే!" అని అరిచాడు జయధవళుడు.

ఆరేళ్ళలో అతని మాట ఒక్కటైనా విని ఎరుగని జాజి, ఇప్పుడు మాత్రం ఎందుకు వింటుంది? ఇంకా వేగం పెంచింది. యువరాజు రెండు చేతులా దాని మెడ కౌగిలించుకుని, పశువు ముక్కు మోసపోదన్న తాపసి మాట తలచుకుని కళ్ళు మూసుకున్నాడు.